పెళ్ళి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకునే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోల్లో గానీ ఏ స్టూడియో మెట్లెక్కినా ముందు పెద్ద టీవీలో రెండు నిమిషాల రీలు వేస్తారు. డ్రోన్ పైకి లేస్తుంది, పెళ్ళికూతురు వెనక్కి తిరిగి నవ్వుతుంది, పాట అదరగొడుతుంది. అది చూసి అడ్వాన్సు తియ్యకండి. రెండు నిమిషాలకి సరిపడా మంచి ముక్కలు యాభై పెళ్ళిళ్ళలోంచి ఎవరైనా ఏరుకోగలరు. మీరు అడగాల్సింది ఒక్కటే పెళ్ళి, అదీ రాత్రి ముహూర్తం పెళ్ళి, స్నాతకం నుంచి అప్పగింతల దాకా వరసగా. చూపించడానికి నసిగితే ఆ స్టూడియో సంగతి అక్కడికి వదిలెయ్యొచ్చు.

ఆ వరసలో మొదట జీలకర్ర బెల్లం వెతకండి. ముహూర్తం అంటే ఆ ఘడియే. అడ్డుతెరకి అటు గంపలో వచ్చిన పెళ్ళికూతురు, ఇటు పెళ్ళికొడుకు, మధ్యలో పంతులుగారు, తెర పట్టుకున్న వాళ్ళు, చుట్టూ తొంగిచూసే బంధువులు. ఒక కెమెరాకి ఒక పక్కే కనిపిస్తుంది. అందుకే ముహూర్తం వేళకి తెరకి చెరోవైపు ఒక స్టిల్ కెమెరా ఉండి తీరాలి. తెర దించగానే ఒకరినొకరు చూసుకునే చూపు నాలుగైదు క్షణాలే, మళ్ళీ చెయ్యమంటే రాదు. ఆల్బమ్‌లో ఇద్దరి ముఖాలూ, తలమీద చెయ్యీ, చేతిలోని తమలపాకూ కనపడుతున్నాయా? లేక తెరగుడ్డ, పంతులుగారి వీపు మాత్రమేనా? వీపే కనిపిస్తే, పదినిమిషాల ముందే చోటు పట్టుకోవడం ఆ మనిషికి తెలీదన్నమాట.

తర్వాత మధుపర్కాలు చూడండి. తెల్లటి బట్టలో నేత, ముడతలు కనపడాలి. సున్నం వేసిన గోడలా ఒకే తెలుపైతే ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వదిలే వెలుగు లెక్క, తప్పింది, ఎడిటింగ్‌లో అది వెనక్కి రాదు. చామనఛాయ పిల్లని పౌడరు డబ్బాలో ముంచినట్టు తెల్లగా చేశారేమో చూడండి. మీ ఇంటి పిల్లకీ అదే జరుగుతుంది. ఇప్పుడు మండపాల్లో ఊదా, గులాబీ రంగు ఎల్‌ఈడీ లైట్లు పెడుతున్నారు. అవి ముఖం మీద పడితే ఏ సాఫ్ట్‌వేరూ చర్మం రంగు పూర్తిగా సరిచెయ్యలేదు. ఫోటోలో అడ్డగీతలు కనిపిస్తే, కరెంటుకి తగ్గట్టు ఎల్‌ఈడీలు మినుకుమంటుండగా షట్టర్ వేగం (కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది) చూసుకోకుండా తీశారని అర్థం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్ల కింద సెకనులో వందో వంతు షట్టర్ పెడితే చాలావరకు గీతలు పోతాయి. తలంబ్రాల్లో గింజలు మాత్రం ఆ వేగానికి సాగిపోతాయి, దానికి ఫ్లాష్ కావాలి. ఈ రెండు మాటలూ ఫోటోగ్రాఫర్‌ని అడగండి. పనితెలిసినవాడు నవ్వి జవాబు చెప్తాడు, తెలియనివాడు కెమెరా మోడల్ పేరు చెప్తాడు.

అడగాల్సిన మొదటి మాట

"అన్నా, ఆ రోజు మండపంలో కెమెరా పట్టుకునేది మీరేనా?"

దీన్ని మొహమాటం లేకుండా అడగాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో మంచి ముహూర్తం ఒకటి పడితే ఒకే స్టూడియో మూడు నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటుంది. ఓనరు ఒకదానికి వెళ్తాడు, మిగతావాటికి ఎక్స్‌పోజింగ్‌కి, అంటే ఫోటోలు తీయడానికి, వేరే వాళ్ళని రోజు కూలి మీద పంపుతాడు. అందులో తప్పేమీ లేదు, కానీ మీరు చూసిన శాంపిల్ ఆ మనిషి తీసింది కాదు. వచ్చేవాళ్ళ పేర్లు, వాళ్ళు తీసిన ఒక పెళ్ళి అడగండి. ట్రెడిషనల్ ఫోటో (నిలబెట్టి తీసేది), క్యాండిడ్ ఫోటో (చెప్పకుండా సహజంగా తీసేది), వీడియో, ఈ ముగ్గురూ వేరువేరు మనుషులా, ఒకడే రెండు పనులు చేస్తాడా అన్నది కూడా తేల్చుకోండి. ఒకడే రెండూ చేస్తానంటే తలంబ్రాల దగ్గర ఏదో ఒకటి పోతుంది.

తర్వాతి ప్రశ్న మెమరీ కార్డుల గురించి. కెమెరాలో రెండు కార్డు స్లాట్లు ఉండి, రెండింట్లోకీ ఒకేసారి ఫోటో పడేలా పెట్టుకుంటారా? ఒక్క కార్డే అయితే అది చెడినప్పుడు పెళ్ళి మొత్తం పోతుంది. మాంగల్యధారణ మళ్ళీ చేయించలేరు. వీడియో లెక్క కూడా చూడండి. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకి సుమారు 45 జీబీ. రెండు కెమెరాలు, ఆరు గంటలు, అంటే 540 జీబీ. ఇదంతా ఏ హార్డ్‌డిస్క్‌లో, ఎన్ని కాపీలు, ఎన్ని నెలలు ఉంచుతారో కనుక్కోండి. "పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తాం సార్" అన్న జవాబు చాలదు. ఒక టీబీ హార్డ్‌డిస్క్ మీరే కొని ఇచ్చి, మిక్సింగ్‌కి (వీడియో ఎడిటింగ్‌కి) ముందే మొత్తం ఫుటేజ్ అందులో వేయించుకోవడం మేలు.

ఆల్బమ్ దగ్గర జరిగే తప్పు

మన దగ్గర ఎక్కువగా వేసేది 12×36 సైజు. మూస్తే 12×18 అంగుళాలు, తెరిస్తే నిడివి 36. ఈ షీట్‌కి నడిమధ్యలో మడత ఉంటుంది. డిజైన్ చేసేవాడు కంప్యూటర్‌లో మడత చూడడు, పెళ్ళికూతురి ముక్కు సరిగ్గా అక్కడే పెడతాడు. ప్రింటుకి పంపే ముందు ప్రతి పేజీ మధ్యన గీత గీసి పంపమనండి, ముఖం మీదుగా ఆ గీత పోతే మార్పించండి. 40 షీట్లలో షీట్‌కి నాలుగైదు లెక్కన 160 నుంచి 200 ఫోటోలే పడతాయి, తీసింది మూడువేలు దాటొచ్చు. ఫోటోలు ఏరడంలోనే ఆల్బమ్‌లు ఏడాది ఆలస్యమయ్యేది, అది స్టూడియో తప్పు కాదు, ఇంట్లోవాళ్ళది. ఒక్కొక్క తంతుకి ఎన్నో ముందే అనుకుని (జీలకర్ర బెల్లానికి పది, తలంబ్రాలకి పదిహేను, అలా) ఒకరు ఏరితే రెండు సాయంత్రాల పని.

డబ్బులు మూడు వాయిదాలుగా మాట్లాడుకోండి: బుకింగ్‌కి కొంత, పెళ్ళిరోజు కొంత, ఆల్బమ్ చేతికి వచ్చాక మిగతాది. ఆ ఆఖరి ముక్క కనీసం నాలుగో వంతు ఉండాలి, లేకపోతే ఆల్బమ్ కోసం మీరే తిరగాలి. రోజులు, మనుషులు, గంటలు, షీట్లు, అదనపు షీట్ ధర, ఆల్బమ్ తేదీ, ఫోటోగ్రాఫర్ రాలేకపోతే ఎవరొస్తారన్నది, అన్నీ ఒక కాగితం మీద సంతకంతో ఉంచుకోండి. వాట్సాప్‌లో అయినా సరే. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల మీద వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి ఆ కాగితంలో హక్కులు స్టూడియోవని ఎక్కడైనా ఉందేమో చూసి, మీ ఫోటోలు వాళ్ళ ప్రకటనలకి వాడకూడదంటే అదీ రాయించండి.

ప్రీ వెడ్డింగ్ గురించి ఒక మాట. మైపాడు, కొత్తపట్నం సముద్రం మనకి తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, నీళ్ళలో మునగడు. "ఇది మైపాడు అస్తమయం" అంటూ నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి చూపిస్తే ఆ శాంపిల్ వేరే ఊరిది, చాలాసార్లు వేరే ఫోటోగ్రాఫర్‌ది కూడా. వేసవిలో తెల్లవారుజామున ఆరున్నర లోపే పని ముగించుకోండి, ఆ తర్వాత ఉక్కకి మేకప్ నిలవదు. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే లెన్స్‌కి ఆవిరి పట్టేది కూడా మన తీరంలో మామూలే. పావుగంట ముందే బ్యాగు బయట పెట్టుకోవాలి. ఎదుర్కోలు ఊరేగింపులో మొదటి ఇరవై ఫోటోలు మసకగా రావడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

డ్రోన్ కావాలంటే 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేసే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ప్రభుత్వం పెట్టిన డ్రోన్ల మ్యాపు డిజిటల్ స్కైలో ఆ చోటు ఎర్రజోన్ (ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరెయ్యకూడని చోటు) కాదని చూపించమనండి. మండపం లోపల డ్రోన్ మాత్రం వద్దు, దాని గాలికి హోమం బూడిద లేచి పట్టుచీరల మీద పడుతుంది. పెంచలకోన, జొన్నవాడ లాంటి గుడుల దగ్గర పెళ్ళయితే కెమెరా ఎక్కడిదాకా అనుమతిస్తారో ఆలయ కార్యాలయంలో ముందే కనుక్కుని ఫోటోగ్రాఫర్‌కి చెప్పండి.

పెళ్ళికి రెండ్రోజుల ముందు గ్రూప్ ఫోటోల చీటీ ఒకటి ఇవ్వండి, ఇరవైకి మించకుండా. మేనమామలు, అత్తలు, బామ్మలు, ఎవరితో ఎవరు నిలబడాలో అందులో ఉండాలి. చీటీ ఉంటే సరిపోదు, ముఖాలు తెలిసిన మనిషి రెండు వైపులా ఒక్కొక్కరు కావాలి. కెమెరా పట్టుకున్నాయనకి మీ పెదనాన్నెవరో, కేటరింగ్ మేస్త్రీ ఎవరో తేడా తెలీదు. ఫోటోగ్రాఫర్ల భోజనం సంగతి కూడా ఆ మనిషికే అప్పజెప్పండి. రిసెప్షన్ సర్దుమణిగి ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉందనగా ఆకు వేసి కూర్చోబెడితే, పంతులుగారు తెర పట్టమనేసరికి చేతులు కడుక్కుని వాళ్ళ చోట్లో ఉంటారు.