పెద్దా చిన్నా కలిసి ఆడే ఆడపిల్లల లీగ్‌కు సాఫ్ట్‌బాల్ ఎలా ఎంచుకోవాలి?

సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌ను పోలిన ఆట, ఆ ఆటలో వాడే బంతి పేరు కూడా అదే. అమెరికాలోని చిన్న ఊళ్ళ రిక్రియేషన్ లీగ్‌లలో, అంటే సరదాకు ఆడే స్థానిక పోటీల్లో, పిల్లలు తక్కువైనప్పుడు ఎనిమిదేళ్ళ అమ్మాయిని, పదమూడేళ్ళ అమ్మాయిని ఒకే మైదానంలో దింపడం మామూలే. అలాంటి లీగ్‌లో కోచ్‌గానో, ఆట సామాన్లు చూసే వాలంటీరుగానో చేరిన మన తెలుగు తల్లిదండ్రులు సీజన్‌కు వారం ముందు దుకాణానికి వెళ్ళి, డజను బంతులు ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొనుక్కొచ్చేస్తారు. బంతులు కొనడంలో చాలా భాగం పది నిమిషాల్లో తేలిపోయే పనే అయినా, ఒక్కచోట మాత్రం ఆగి ఆలోచించవలసి ఉంటుంది. ఎక్కువ మంది ఆగకుండా దాటిపోయేది కూడా అక్కడే.

ముందుగా

ఆడబోయే పిల్లలందరి వయసులూ ఒక కాగితం మీద రాసుకోండి. దర్జీ వాడే టేపు, గ్రాములు చూపే వంటింటి తూకం, చెరగని ఇంకు పెన్ను దగ్గర పెట్టుకోండి. మీ లీగ్ ఏదైనా పెద్ద సంఘానికి అనుబంధంగా ఉంటే ఆ సంఘం ఆమోదించిన బంతుల జాబితా కూడా తీసుకోండి. అంతకు మించి పరికరాలేమీ అక్కర్లేదు.

సైజు

చుట్టుకొలత 12 అంగుళాలున్న బంతి 12 ఏళ్ళలోపు విభాగం నుంచి పైవాళ్ళందరికీ వాడేది. 11 అంగుళాల బంతి 10 ఏళ్ళలోపు విభాగానిది. మొదటిది సుమారు 177 నుంచి 198 గ్రాములు, రెండోది సుమారు 167 నుంచి 174 గ్రాములు తూగుతుంది. కలగలుపు లీగ్‌లో 11 అంగుళాలదే వాడాలి, ఇందులో చర్చకు తావులేదు. చిన్న చేతిలో 12 అంగుళాల బంతి వేళ్ళకు అందక అరచేతిలో కూర్చుంటుంది. విసిరేటప్పుడు ఎటు జారుతుందో విసిరిన పిల్లకే తెలియదు. పెద్దపిల్లలకు 11 అంగుళాలది ఆడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది, చిన్నపిల్లలకు పెద్ద బంతి ఆ సీజన్ మొత్తానికీ అలవాటు కాదు.

రంగు పసుపు, కుట్టు ఎరుపు ఉండాలి. కవర్ సింథటిక్‌దే తీసుకోవాలి, తోలుది వద్దు. ఉదయం ఆటల్లో గడ్డి మీది మంచుకు తోలు తడిసి బరువెక్కుతుంది. తోలు బంతి చేతికి బాగుంటుందనే వారితో వాదించడం నేను మానేశాను.

గట్టితనం

ఇక్కడ తొందర పడకూడదు. సాఫ్ట్‌బాల్ మీద సాధారణంగా రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. ఒకటి సీఓఆర్, రెండోది కంప్రెషన్. సీఓఆర్ .47 అంటే గంటకు 60 మైళ్ళ వేగంతో కదలని గోడకు కొట్టిన బంతి అందులో నూటికి 47 వంతుల వేగంతో, అంటే 28 మైళ్ళ చొప్పున, వెనక్కి వస్తుందని అర్థం. కంప్రెషన్ 375 అంటే రెండు పలకల మధ్య బంతిని పావు అంగుళం అదమడానికి 375 పౌండ్ల, అంటే దాదాపు 170 కిలోల బలం కావాలని. మొదటి అంకె ఎగురుడును చెబుతుంది, రెండోది గట్టితనాన్ని చెబుతుంది. కొట్టిన బంతి వేగానికి రెండూ తోడవుతాయి గాని, ఆ బంతి పిల్ల చెంపకో పక్కటెముకకో తగిలినప్పుడు దెబ్బ ఎంత గట్టిగా పడుతుందన్నది ప్రధానంగా రెండో అంకెను బట్టి ఉంటుంది.

చాలామంది మొదటి అంకెను మాత్రమే చూసి, .47 కన్నా .44 తక్కువ కాబట్టి అదే క్షేమమని కొంటారు. రెండింటి మీదా కంప్రెషన్ 375 అనే ఉన్నప్పుడు ఆ ఎంపిక వల్ల ఒరిగేది తక్కువ. టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి పెరిగిన మన నాన్నలకు ఇంకో అలవాటుంది: ఇంటి ముందు సిమెంటు మీద బంతిని కొట్టి, ఎక్కువ లేవకపోతే మెత్తనిదని తేల్చేస్తారు. నేల మీద కనిపించేది ఎగురుడే. స్పాంజి రబ్బరు కోర్ (లోపలి గుండు) ఉన్న మెత్తని బంతి సిమెంటు మీద చాలా ఎత్తుకు లేస్తుంది, పాలియూరథేన్ అనే గట్టి ప్లాస్టిక్ కోర్ ఉన్నది అంతగా లేవకపోవచ్చు. బొటనవేలితో నొక్కి చూడటమూ అంతే. వేలికి తగిలేది కవర్ మెత్తదనం, లోపలి కోర్ సంగతి దానివల్ల తెలియదు. పాతకాలపు సాఫ్ట్‌బాల్ కోర్ కపోక్‌తో, అంటే మన ఊళ్ళలో దిండ్లకు నింపే బూరుగు జాతి దూదితో చేసేవారు. ఆ దూదినే అదిమి బిగించి పైన దారం చుడితే, దిండు గుర్తుకు రానంత గట్టి బంతి తయారవుతుంది. అందుచేత లోపలి పదార్థం పేరు విని మెత్తదనాన్ని ఊహించకండి, అంకె అడగండి.

అంకె దొరికినా అప్రమత్తంగా ఉండాలి. నిబంధనల్లో 375 అన్నది గరిష్ఠ పరిమితి. ఆ ముద్ర ఉన్న బంతి అసలు కొలత 370 కావచ్చు, 320 కావచ్చు. ముద్ర మాత్రం ఒకటే. పైగా అది పెద్దపిల్లల ఆటకూ చెల్లే పరిమితి, ఎనిమిదేళ్ళ పిల్లను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది కాదు. కాబట్టి కలగలుపు లీగ్‌కు మామూలు 375 ముద్ర బంతి పనికిరాదు. చిన్నపిల్లల కోసం కోర్ మెత్తగా చేసి 'సేఫ్టీ' అనో 'గాయాలు తగ్గించేది' అనో అమ్మే బంతులే తీసుకోవాలి. కొన్ని కంపెనీలు వీటికి లెవల్ 1, 5, 10 అని అంకెలు వేస్తాయి. అంకె తగ్గేకొద్దీ బంతి మెత్తన. పెట్టె మీద 'సాఫ్ట్' అన్న మాట తప్ప అంకె గాని, లెవల్ గాని, ఏ వయసుకో గాని రాసి లేకపోతే దాన్ని అరలోనే వదిలేయండి.

ఇక ఎంత మెత్తన అన్నది. దీనికి లీగ్‌లు సగటు వయసు లెక్క కడతాయి. ఎనిమిదికీ పదమూడుకీ సగటు పదిన్నర. పదిన్నరేళ్ళ పిల్ల ఆ మైదానంలో ఒక్కతీ ఉండకపోవచ్చు. మైదానంలో ప్రమాదం ఎక్కడ పుడుతుందో ఆలోచించండి: పెద్దపిల్ల బ్యాటు దగ్గర పుట్టి, దగ్గరలో నిలబడ్డ చిన్నపిల్ల దగ్గర తేలుతుంది. పదేళ్ళలోపు విభాగంలో పిచర్‌కూ, అంటే బంతి విసిరే పిల్లకూ, బ్యాటర్‌కూ మధ్య దూరం 35 అడుగులు. కొట్టిన బంతి గంటకు 60 మైళ్ళ వేగంతో తిరిగొస్తే ఆ దూరాన్ని సెకనులో పదింట నాలుగు వంతుల కాలంలో దాటుతుంది. ఆ కొద్ది క్షణంలో పిల్ల బంతిని చూడాలి, ఎటు వస్తుందో గ్రహించాలి, గ్లవ్ లేపాలి. అందువల్ల పిచర్ వలయంలో, బ్యాటర్‌కు ఇరుపక్కలా ఉండే మొదటి, మూడో బేసుల దగ్గర నిలబడబోయే పిల్లల్లో అందరికన్నా చిన్నదెవరో చూసి, ఆమె వయసుకు తగిన బంతినే ఆటంతటికీ వాడాలి. బ్యాటింగ్ వరుసతో, జట్టులోని మెరుగైన ఆటగత్తెతో ఈ నిర్ణయానికి సంబంధం లేదు.

పెద్దపిల్ల బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు గట్టి బంతి, చిన్నపిల్ల వచ్చినప్పుడు మెత్తని బంతి ఇచ్చే లీగ్‌లూ ఉన్నాయి. అది తలకిందుల పద్ధతి. బలంగా కొట్టే పిల్ల చేతికి గట్టి బంతి అందించి, దాన్ని ఆపే పని ఎనిమిదేళ్ళ పిల్లకు అప్పగించినట్టవుతుంది. ఒక ఆటకు ఒకే రకం బంతి ఉండాలి. పెద్దపిల్లలు బయటి టోర్నమెంటుకు వెళ్ళేవారైతే, వాళ్ళకు వాళ్ళలో వాళ్ళకే 12 అంగుళాల ఆమోదిత బంతితో వేరే సమయంలో సాధన పెట్టండి. అనుబంధ లీగ్‌లలో మెత్తని బంతి వాడుకకు స్థానిక నిబంధన కావాలి కాబట్టి, సీజన్ మొదలవకముందే బోర్డుచేత రాయించుకోవాలి. లేకపోతే మొదటి ఆటలోనే అంపైర్ బంతి మీద సంఘం ఆమోద ముద్ర ఏదని అడుగుతారు.

గట్టి బంతితో ముందునుంచీ అలవాటు చేస్తేనే భయం పోతుందని వాదించే తండ్రి ప్రతి జట్టులో ఒకరుంటారు. ఆయనను మొదటి ప్రాక్టీసులో పిల్లల ముఖాలు గమనించమనండి. బంతి గట్టిదని తెలిసిన పిల్ల గ్లవ్‌ను ముందుకు చాచి, ముఖాన్ని పక్కకు తిప్పి, కళ్ళు మూసుకుంటుంది. బంతి గ్లవ్ అంచును తాకి చెవి మీదికో చెంప మీదికో వచ్చేది అప్పుడే. మెత్తని బంతితో ఆడే పిల్ల కొన్నాళ్ళకు ముఖం నిలబెట్టి బంతిని గ్లవ్‌లోకి వచ్చేదాకా చూస్తుంది, ఆ అలవాటు పడ్డాకనే లెవల్ పెంచాలి. అయితే బంతి మెత్తనిదని చెప్పి హెల్మెట్ ఫేస్ గార్డు గాని, ఇన్‌ఫీల్డ్‌లో ఫీల్డర్ మాస్కు గాని తీసేయనివ్వకూడదు.

చలి సంగతి కూడా ఇందులో భాగమే. బంతులను పరీక్షించేది 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు. మార్చి ఉదయం కారు డిక్కీలోంచి తీసిన పాలియూరథేన్ కోర్ బంతి ఆ పరీక్షలో ఉన్నంత మెత్తగా ఉండదు, బిగుసుకుంటుంది. రాత్రంతా డిక్కీలో పడేసి పొద్దున్నే ఆడించడం కన్నా సంచిని ఇంట్లో పెట్టుకోవడం ఏమంత కష్టం కాదు.

కొన్నాక

ప్రతి బంతినీ టేపుతో చుట్టి, తూకం వేసి, లెవల్‌ను చెరగని ఇంకుతో రెండుచోట్ల రాయండి. కంపెనీ ముద్ర నెల తిరిగేసరికి అరిగిపోతుంది. బ్యాటింగ్ సాధనకు బంతులు విసిరే యంత్రంలో వాడే, పైన చిన్న గుంటలుండే బంతులను ఈ సంచిలోకి రానివ్వకండి. నెలకోసారి బంతులను నేల మీద నెమ్మదిగా దొర్లించి చూడండి: వంకరగా దొర్లేది, కుట్టు తెగింది, తడిసి బరువెక్కింది ఆటకు పనికిరాదు. ప్రాక్టీసుకు పనికొస్తుందిలే అని పక్కన పెట్టిన బంతి ఎలాగో మళ్ళీ ఆటలోకి వచ్చేస్తుంది కాబట్టి, అలాంటి బంతి కవర్‌ను అక్కడే కత్తితో కోసి చెత్తలో వేయండి.