నల్లగొండ ఎండల్లో వాటర్ కూలింగ్ లూప్: ఏ తేడా వస్తే ఎక్కడ వెతకాలి

పీసీలో వేడెక్కే చిప్ మీద బిగించే లోహపు బ్లాక్, నీటిని తిప్పే పంపు, గాలితో నీటిని చల్లార్చే రేడియేటర్, నీళ్లు నిల్వ ఉండే రిజర్వాయర్, వీటిని కలిపే పైపులు: ఇదంతా కలిపితే వాటర్ కూలింగ్ లూప్. అందులో తేడా కనిపించగానే స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ముందు మూడు అంకెలు రాసుకోండి: గదిలో వేడి, లూప్‌లో నీటి వేడి, సీపీయూ (ప్రధాన చిప్) లేదా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వేడి. చిప్ వేడి ఒక్కటే చూస్తే తప్పు గదిదో, రేడియేటర్‌దో, బ్లాక్‌దో తేలదు. అందుకే నీటి వేడి చూపే చిన్న సెన్సర్ లేకుండా లూప్ కట్టొద్దని గట్టిగా చెబుతాను. రంగు లైట్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

సమస్య: ఎండాకాలం రాగానే వేడి పెరిగిపోయింది

రేడియేటర్ నీటిని గది వేడి కన్నా కిందికి దించలేదు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే పైఅంతస్తు గదిలో 38 ఉండటం మామూలే. అప్పుడు నీళ్లు 48 దగ్గర ఉన్నాయంటే లూప్ బాగానే పనిచేస్తున్నట్టు. గదికీ నీటికీ తేడా పది డిగ్రీల లోపుంటే టెన్షన్ అక్కర్లేదు, పదిహేను దాటితే రేడియేటర్ చాలట్లేదని అర్థం.

తేడా ఎక్కువగా ఉంటే ముందు దుమ్ము చూడండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల ఇళ్లలో ఊక దుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య పరుపులా పేరుకుంటుంది. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని, గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా బ్లోయర్ కొట్టండి. శుభ్రం చేసినా తగ్గకపోతే రేడియేటరే చిన్నది. రేడియేటర్‌లో సీపీయూకి ఒక 120 మిల్లీమీటర్ల భాగం (ఒక ఫ్యాన్ పట్టేంత), జీపీయూకి ఒకటి, అదనంగా ఇంకొకటి అనే లెక్క చల్లటి ఊళ్లకు సరిపోతుందేమో కానీ మనకు చాలదు. సీపీయూ, జీపీయూ రెండూ లూప్‌లో ఉంటే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి, 240ది ఒకటి పెట్టుకోవడమే మంచిది.

నీళ్లు చల్లగానే ఉండి చిప్ మాత్రం కాలిపోతోందా? అయితే చిప్‌కీ బ్లాక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ సరిగ్గా పడలేదు, బ్లాక్ ఒక పక్కకు బిగిసింది, లేదా సీపీయూ బ్లాక్‌కు నీళ్లు వచ్చే దారి, పోయే దారి తారుమారయ్యాయి. పీసీ ఆన్ చేసిన కొన్ని సెకన్లలోనే చిప్ 90 దాటితే పంపు తిరగట్లేదు, వెంటనే ఆపేయండి. పంపు వేగం తెలిపే వైరును మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ పిన్నుకు కలిపితే, పంపు ఆగినప్పుడు బోర్డే హెచ్చరిస్తుంది.

నీటి వేడి 55 దగ్గరికి వస్తే గేమ్ ఆపేయాలి. చాలా పంపులకు 60 డిగ్రీలే హద్దు. పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో చేసిన గట్టి పైపులు కూడా ఆ వేడికి మెత్తబడి, పైపును పట్టి ఉంచే ఫిట్టింగ్‌లో పట్టు వదిలే ప్రమాదం ఉంది. ఈ ప్రాంతంలో కొత్తగా కట్టేవాళ్లకు నా సలహా మెత్తటి పైపే.

ఎయిర్ కూలర్‌ను మాత్రం పీసీకి ఎదురుగా పెట్టొద్దు. ఆ తేమ గాలితో వచ్చే తుంపర ఆరాక రేడియేటర్ మీద ఉప్పు మిగులుతుంది.

సమస్య: నీళ్లు మసకబారాయి, లోపల పొర కడుతోంది

దీని మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అసలు చిక్కు నీళ్లతోనే. కూలర్ గడ్డి మీద ఒక్క ఎండాకాలంలో పేరుకునే తెల్లటి పొర నల్లగొండలో చూడనివాళ్లు ఉండరు. బోరు నీళ్లలో కరిగిన లవణాలే అవి. సీపీయూ బ్లాక్ లోపల రాగి రెక్కల మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కొద్దిపాటి పొర చాలు దారి మూసుకుపోవడానికి.

తాగడానికి మంచివైన నీళ్లు లూప్‌కు మంచివి కావు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. మన జిల్లా పేరుతోనే దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. అది ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది కానీ మిగతా లవణాలను తీసేయదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలోనూ ఖనిజాలుంటాయి. ఆర్ఓ ప్లాంటు క్యాన్ నీళ్లలో కూడా కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) మిగులుతుంది. సీలు తీయని డిస్టిల్డ్ వాటరే కావాలి. ఇన్వర్టర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది, కానీ అక్కడే యాసిడ్ క్యాన్లూ ఉంటాయి కాబట్టి లేబుల్ చదవకుండా తీసుకోవద్దు. ఇంట్లో టీడీఎస్ మీటరు ఉంటే ముంచి చూడండి, సున్నా దగ్గర చూపాలి. అందులో పాచి పట్టకుండా, లోహం తినేయకుండా కాపాడే మందు కూడా కలపాలి. ఇదంతా ఎందుకనుకుంటే మందు కలిపి అమ్మే పారదర్శక కూలెంట్ (లూప్‌లో పోసే ద్రవం) కొనండి. పాలలా చిక్కటి రంగు కూలెంట్లు అడుగున పేరుకుంటాయి, వాటి జోలికి పోవద్దు.

పొర తెల్లగా, జిగటగా ఉంటే అది లవణం కాకపోవచ్చు. పైపు ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం వేడికి కరిగి బయటికి వస్తుంది. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శక పైపు వేసినచోట ఇది తప్పదు. నల్లటి ఈపీడీఎం రబ్బరు పైపు వేస్తే ఆ బాధ ఉండదు. ఆకుపచ్చగా, జారుడుగా ఉంటే పాచి.

బూడిద రంగు మడ్డి వస్తే మాత్రం లోహాలు చూడండి. రాగి బ్లాక్, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. ఏ మందూ దీన్ని శాశ్వతంగా ఆపలేదు, రేడియేటర్ మార్చాల్సిందే.

ఏ కారణమైనా నీళ్లు మొత్తం వంపేసి, బ్లాక్ విప్పి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ నీటితో కడగాలి. నికెల్ పూత ఉన్నవాటికి వెనిగర్ తగలనివ్వొద్దు, అక్రిలిక్ భాగాలను స్పిరిట్‌తో తుడవొద్దు, పగుళ్లిస్తాయి.

సమస్య: గుడగుడ శబ్దం

గాలి చిక్కుకుంది. పంపు నడుస్తుండగా కేసును మెల్లగా నాలుగు వైపులా వంచండి, రిజర్వాయర్ మూత కొద్దిగా వదులు చేయండి. ఇంకా ఆగకపోతే రిజర్వాయర్ పంపు కన్నా పైన ఉందో లేదో చూసుకోండి. పంపు ఎండుగా తిరిగితే పాడవుతుంది.

సమస్య: పైపులు చిక్కుపడ్డాయి, ర్యామ్ తీయాలన్నా లూప్ విప్పాలి

ఇది ప్లాన్ లేకపోవడం వల్లే వస్తుంది. సీపీయూ ముందా, జీపీయూ ముందా అని చాలామంది పైపులను అటూ ఇటూ తిప్పుతారు. అవసరం లేదు. నిమిషానికి లీటరు నీళ్లు పారుతుంటే, 300 వాట్ల వేడికి ఆ నీళ్లు పెరిగేది నాలుగు డిగ్రీల పైచిలుకే. ప్రవాహం పెరిగితే అదీ తగ్గుతుంది. కాబట్టి దగ్గరి దారిలో పైపు వేయండి. వంపు నొక్కుకుపోయేచోట 90 డిగ్రీల ఫిట్టింగ్ పెట్టండి. కాగితం మీద గీసేటప్పుడే అన్నిటికన్నా కింద నీళ్లు వదిలే వాల్వు, పైన నీళ్లు పోసే మూత గుర్తు పెట్టుకోండి. వైర్లన్నీ బోర్డు వెనక నుంచి రావాలి. ఫిట్టింగ్‌ల కింద వైరు ఉంటే చుక్క పడినా కనబడదు.

సమస్య: చుక్క పడుతోంది

స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. డిస్టిల్డ్ నీళ్లే కదా అని ధీమా వద్దు, లోహాల మీదుగా తిరిగిన నీటిలో కరెంటు పారుతుంది. తడిసిన భాగాలను విప్పి పూర్తిగా ఆరనివ్వండి. ఫిట్టింగ్ తీసి లోపలి రబ్బరు రింగు తెగిందేమో, మెలిపడిందేమో చూడండి. ప్లంబింగ్‌లోలా టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ఇక్కడ నీళ్లు ఆపేది రబ్బరు రింగే. చేత్తో బిగిస్తే చాలు, స్పానర్‌తో బిగిస్తే అక్రిలిక్ చీలుతుంది. నీళ్లు పోసే ముందు చేతి పంపుతో గాలి పరీక్ష చేయండి, సుమారు అర బార్ ఒత్తిడి పావుగంట నిలవాలి. తర్వాత నీళ్లు పోసి, ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పరిచి, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కేబుళ్లన్నీ తీసేసి, జంపర్‌తో (బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసే చిన్న ప్లగ్) పవర్ సప్లై ఆన్ చేసి పంపును ఒక రాత్రంతా తిప్పండి. పొద్దున టిష్యూలన్నీ పొడిగా ఉంటేనే కరెంటిచ్చే 24 పిన్నుల కేబుల్ బోర్డుకు పెట్టండి.