గమనించి రాయడం – నాలుగో పాఠం: మాట మారిన చోటు

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం కొన్ని ఇళ్ళలో చిన్నపాటి రగడకు దారితీసిందని మీ ఉత్తరాలు చదివాక తెలిసింది. ఇంట్లోనూ బడిలోనూ ఒక రోజంతా ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో రాసుకోమన్నాను గానీ, రాసుకున్నదాన్ని రాత్రి అందరూ కూర్చున్న వేళ పైకి చదవమని అనలేదు. తాతగారు నానమ్మను ‘ఒసేయ్’ అని పదకొండుసార్లు పిలిచారని లెక్కతీసి వినిపించిన అబ్బాయి, తన పుస్తకం ఇప్పుడు అటక మీద ఉందని రాశాడు. గమనికల పుస్తకం మీ ఒక్కరిదేనని, అది ఎవరి మీదా ఫిర్యాదు కాదని వేరే చెప్పనక్కర లేదనుకోవడం నా పొరపాటు.

ఈ వారం గొంతు హెచ్చుతగ్గులను ఎలా రాయాలో చెబుదామనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే మీలో చాలామంది ఒకేచోట తడబడ్డారు. ‘నువ్వు’ వినపడగానే దాని పక్కన ‘గౌరవం లేదు’ అని, ‘మీరు’ వినపడగానే ‘గౌరవం ఉంది’ అని రాసి ఊరుకున్నారు. ఇలా రాస్తే పూట తిరగకుండానే పేజీలు నిండుతాయి, కానీ వాటిలో గమనిక ఒక్కటీ ఉండదు, తీర్పులే ఉంటాయి.

భక్తులు దేవుణ్ణి కూడా నీవనే పిలుస్తారు. తెలంగాణలో ఎన్నో ఇళ్ళలో పిల్లలు నాన్నను, తాతను నువ్వనే అంటారు, అందువల్ల ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళకు తక్కువైంది ఏమీ లేదు. మరోవైపు, రోజూ నువ్వు అని పిలిచే తల్లి ఒక ఉదయం కూతురి మంచం దగ్గర నిలబడి, ‘తమరు ఎప్పుడు లేస్తారో సెలవిస్తే కాఫీ పెడతాను’ అన్నదంటే, తెలుగులో ఉన్న మర్యాద మాటలన్నీ ఆ వాక్యంలో కూర్చున్నా అందులో ఉన్నది కోపమే. కాబట్టి మాటను విడిగా పట్టుకుని ప్రయోజనం లేదు. ఆ ఇద్దరి మధ్య మామూలుగా నడిచే మాట ఏదో ముందు తెలుసుకుని, అది ఎక్కడ మారిందో అక్కడ పెన్సిలు పెట్టాలి. మారని ‘నువ్వు’ను నేను ఒకసారి రాసుకుని వదిలేస్తాను, మారని ‘మీరు’నూ అంతే.

మీరు, వారు, గారు వంటివాటి మధ్య తేడాలు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. అయితే మన మాటల్లో కర్త తరచుగా లోపిస్తుందని, అప్పుడు మర్యాద అంతా క్రియ చివరకు చేరుతుందని గుర్తుపెట్టుకోండి. ‘తిన్నావా’, ‘తిన్నారా’ అన్నప్పుడు నువ్వు, మీరు అనే మాటలు వినపడనే లేదు, అయినా ఏది ఎవరితో అన్నదో తెలిసిపోయింది. అందుకే నేను పూర్తి వాక్యాలు రాయను, పేరులో మొదటి అక్షరం రాసి దాని పక్కన వు, రు, డు, ది అని క్రియ చివరి అక్షరం మాత్రం వేసుకుంటాను. ఈ పద్ధతి అందరికీ నచ్చకపోవచ్చు గానీ, మాట్లాడేవాళ్ళ ముందు కూర్చుని పేజీలు నింపడం కంటే నయం.

ఇక నన్ను బాగా విసిగించిన సంగతికి వస్తాను. సుమారు సగం పుస్తకాల్లో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో ఉంది: ‘నిన్న ఎందుకు రాలేదు అని సార్ మా నాన్నను మర్యాద లేకుండా అడిగారు.’ ఆ ‘రాలేదు’లో మర్యాద ఎక్కడ తప్పిందో నాకు చూపించండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, మీరు రాలేదు, ఆయన రాలేదు, కుక్క రాలేదు, వాన రాలేదు, అన్నింటికీ ఒకటే రూపం. జరిగిపోయినదాన్ని లేదని చెప్పేటప్పుడు తెలుగు క్రియ ఎవరికీ మర్యాద చేయదు, ఎవరి మర్యాదా తీయదు. ‘వెళ్ళాలి’, ‘వెళ్ళవచ్చు’, ‘వెళ్ళకూడదు’ కూడా అటువంటివే. ‘తెలుసా’ అన్నా, ‘కావాలా’ అన్నా అంతే, ముందు నీకు అన్నారో మీకు అన్నారో వినపడితే తప్ప ఆ మాటలో ఆనవాలు దొరకదు. భాష చోటే ఇవ్వనిచోట లేని అవమానాన్ని మీరు వెతికి పెట్టారు. ఆ ఉపాధ్యాయుడు నిజంగా విసురుగానే అడిగి ఉండవచ్చు, కాదనను, కానీ అప్పుడు మీరు రాయవలసింది ఆయన తల ఎత్తకుండా అడిగారనో, కూర్చోమనకుండా అడిగారనో, ‘రాలేదండీ’ అనవలసినచోట ‘అండీ’ మింగేశారనో. చూసింది రాయండి, విన్నది రాయండి. ‘మర్యాద లేకుండా’ అన్న మాట చూసింది కాదు, విన్నదీ కాదు.

నిజానికి ఇటువంటి రూపాలకు మరో ఉపయోగం ఉంది, దాన్ని మీలో ఒక్కరే పట్టుకున్నారు. కొత్తగా పెళ్ళయి వచ్చిన వదినను నువ్వు అనాలో మీరు అనాలో తేలక, ఆమెతో మాట్లాడిన మొదటి వారమంతా ‘ఎప్పుడు రావడం?’, ‘ఇంకొంచెం కావాలా?’, ‘సినిమాకు వెళ్ళాలట’ అంటూ తాను ఎటూ తేల్చని వాక్యాలతోనే నెట్టుకొచ్చానని ఒక అమ్మాయి రాసింది. వెతికి వెతికి అటువంటి వాక్యాలే వాడుతున్నానని వారం తరువాత గానీ తనకే తెలియలేదట. నాకు వచ్చినవాటిలో ఇది మంచి గమనిక, ఎందుకంటే తడబాటు కూడా ఒక మార్పే.

మరొకరి ప్రశ్న పదునైనది. ‘అమ్మ వచ్చింది అంటాం, పిల్లి వచ్చింది అంటాం, నాన్న మాత్రం వచ్చారు. ఇది గౌరవం తక్కువ కావడం కాదా?’ దీనికి సగం జవాబు వ్యాకరణానిది. ఏకవచనంలో ఆడవారిని చెప్పే మాటకూ, జంతువులను, వస్తువులను చెప్పే మాటకూ తెలుగులో క్రియ ఒకే రూపంలో ఉంటుంది, బహువచనంలో ఆ పొత్తు విడిపోయి అక్కలు ‘వచ్చారు’, పిల్లులు ‘వచ్చాయి’ అవుతాయి. కాబట్టి ‘అమ్మ వచ్చింది’ అన్నవారిని తప్పుపట్టలేం. మిగిలిన సగం జవాబు మాత్రం మీ ఇంట్లోనే ఉంది: ఒక్కరికి చెప్పేటప్పుడు బహువచనం వాడి మర్యాద చేసే సౌకర్యం భాషలో ఉండగా, నాన్నకు దాన్ని వాడిన నోరే అమ్మకు ఎందుకు వాడలేదు? ఆ ప్రశ్నను పుస్తకంలో ప్రశ్నగానే ఉంచండి, జవాబు రాయడానికి తొందరపడవద్దు.

బడి విషయంలో మీరందరూ ఒక గడిని ఖాళీగా వదిలేశారు. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు అని రాశారు గానీ, ఎవరు వింటుండగా అన్నారో రాయలేదు. ఆఫీసు గదిలో ‘సార్ క్లాసులో ఉన్నారండి’ అని చెప్పి వచ్చిన పిల్లవాడే తరగతి గుమ్మంలో అడుగు పెడుతూ ‘సార్ వస్తున్నాడ్రా’ అని కేకవేస్తాడు. మనిషి మారలేదు, సారూ మారలేదు, వినేవాళ్ళు మారారు. నేను చదువుకునే రోజుల్లో ఆ కేక వేసినవాణ్ణే, తరువాత ఉద్యోగంలో చేరి తలుపు ఇవతల నిలబడి దాన్ని విన్నవాణ్ణి కూడా, కనుక దీన్ని తప్పుగా లెక్కించమని చెప్పను. రెండు వాక్యాలూ పక్కపక్కన రాయండి, మూడో గడిలో వినేవాళ్ళను రాయండి, అంతటితో ఆపండి.

ఆపడం ఎలాగో ఒక ఉత్తరంలోని మూడు వాక్యాలు చూపిస్తాయి. ‘హెడ్మాస్టరుగారిని మేము మీరు అన్నాము. గంట కొట్టే తాతను నువ్వు అన్నాము. తాత మమ్మల్ని మీరు అన్నాడు.’ నాలుగో వాక్యం రాసి ఉంటే ఈ గమనిక పాడయ్యేది, ఆ అమ్మాయి రాయలేదు. అయితే మూడో వాక్యాన్ని మరొక్కసారి చదవండి. తాత ‘అన్నాడు’. పిల్లలు ఆయనను ఏమంటున్నారో అంత జాగ్రత్తగా పట్టుకున్న చేయి, తాను రాసేటప్పుడు ఏ అక్షరంతో ముగిస్తున్నదో చూసుకోలేదు. హెడ్మాస్టరు గురించి అదే వాక్యం రాయవలసి వస్తే ఆమె ‘అన్నారు’ అనే రాసేదని నా అనుమానం.

ఈసారి అభ్యాసం కష్టంగా ఉంటుంది, వారం సరిపోకపోతే రెండు వారాలు తీసుకోండి. ఇంట్లో ఒక జంటను, బడిలో ఒక జంటను ఎన్నుకోండి, బడి జంటలో ఒకరు మీరే కావాలి. ఎవరు, ఎవరితో, ఎవరు వింటుండగా, క్రియ చివర ఏ అక్షరం అని నాలుగు గడులు గీసి, ఒక్కో జంటకు ఇరవై వరుసలు రాయండి. గౌరవం, మర్యాద, పొగరు, వినయం అన్న నాలుగు మాటలూ పుస్తకంలో ఎక్కడా కనిపించకూడదు. ఇరవై వరుసల్లో మార్పు కనిపించినవి ఉంచి మిగిలినవాటిని కొట్టివేయండి, మూడుకు తక్కువ మిగిలితే మరో జంటతో మళ్ళీ మొదలుపెట్టండి. అంతా అయ్యాక, మూడో పాఠానికి మీరు రాసిన పాత పేజీలు తెరిచి, అందులో ఒక్కొక్క మనిషి గురించి మీ వాక్యాలు డు, ది, రులలో దేనితో ముగిశాయో ఎర్ర పెన్సిలుతో గీత గీయండి. అటక మీద ఉన్న పుస్తకానికి మాత్రం ఈసారికి మినహాయింపు ఇస్తున్నాను.