ఆర్కేడ్ క్యాబినెట్‌కి పక్క బొమ్మలు: నేను గీసి అతికించిన పద్ధతి

తొంభైల్లో ఒంగోలులో మా వీధి చివర వీడియో గేమ్ షాపు ఉండేది. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' గేమ్‌ని అందులో ఒక పాత్ర పేరుతో ముస్తఫా అని పిలుచుకుంటూ, రూపాయి బిళ్ల వేసి ఆడేవాళ్లం. ఆ మెషీన్ల పక్కలు ఉత్త సన్‌మైకా. పోయినేడాది కూకట్‌పల్లిలో మా ఇంట్లో పిల్లల కోసం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అలాంటి గేమ్ మెషీన్ పెట్టె, అంటే ఆర్కేడ్ క్యాబినెట్, సొంతంగా చేయించినప్పుడు, పక్కలు మాత్రం ఖాళీగా వదలకూడదనుకున్నాను. ఎడమవైపు జుట్టుపోలిగాడు, కుడివైపు బంగారక్క. తోలుబొమ్మలాటలో నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన జంట.

నెట్‌లో దొరికిన గేమ్ పోస్టర్‌ని సాగదీసి వేయకండి. క్యాబినెట్ పక్క చెక్క దీర్ఘచతురస్రం కాదు. పైన తల ముందుకు వస్తుంది, స్క్రీన్ దగ్గర లోపలికి పోతుంది, బటన్ల దగ్గర మళ్లీ ముందుకు పొడుచుకొస్తుంది. బొమ్మ ఆ వంపుల్లో కూర్చోవాలి. తోలుబొమ్మలు ఎక్కువగా పక్కకి తిరిగి ఉంటాయి, చేతులు కీళ్ల దగ్గర విడిగా కదులుతాయి. అందుకే జుట్టుపోలిగాడి మోచేతిని మడిచి, అరచేతిని సరిగ్గా బటన్ల బల్ల వైపు చాపగలిగాను. పక్క నుంచి చూస్తే వాడే ఆడుతున్నట్టుంటుంది. క్యాబినెట్ తల భాగంలోకి వాడి జుట్టు ముడి వచ్చింది. ఆకారం ముందు, బొమ్మ తర్వాత.

కొలతలకి కార్పెంటర్ ఇచ్చిన డ్రాయింగ్‌ని నమ్మకండి. నాది డ్రాయింగ్‌లో ఒకటి, చెక్కలో ఇంకొకటి. బటన్ల దగ్గర 5 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పిల్లల పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ షీట్లు నాలుగైదు అతికించి, చెక్క మీద పరిచి, అంచు వెంట పెన్సిల్ పడుకోబెట్టి రుద్దండి. అసలు ఆకారం దిగుతుంది. బోల్టులు, గాలి రంధ్రాలు ఉంటే వాటినీ గుర్తు పెట్టండి, లేకపోతే బంగారక్క కంట్లో బోల్టు వస్తుంది. దాని మీద రెండంగుళాల గళ్లు గీసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. ఫోన్ ఫోటో మీద గీస్తే కుదరదు, అంచుల దగ్గర కొలత సాగిపోతుంది.

నా చెక్క 66 అంగుళాల ఎత్తు, 26 అంగుళాల వెడల్పు. చుట్టూ ఒక అంగుళం అదనంగా వదిలితే 68, 28. అంగుళానికి 150 చుక్కల లెక్కన 10,200 × 4,200 పిక్సెళ్లు. మనిషి నిలబడి చూసే దూరానికి అది చాలు. గీతలన్నీ వెక్టర్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని పద్ధతిలో గీస్తే ఆ లెక్క కూడా పెద్దగా అక్కర్లేదు. తోలుబొమ్మల నగల చోట వెలుతురు కోసం చిల్లులు పొడుస్తారు కదా, వాటిని నల్ల అంచుల మీద పసుపు చుక్కలుగా వేశాను. 3 మిల్లీమీటర్ల చుక్కలు నాలుగడుగుల నుంచి చూస్తే కలిసిపోయాయి. 5కి పెంచాక వెనక దీపం పెట్టినట్టు తేలాయి.

ఒకే బొమ్మని రెండు వైపులా వేసేవాళ్లు రెండోదాన్ని తిప్పాలి, ఎందుకంటే పాత్రలు రెండు వైపులా స్క్రీన్ వైపే చూడాలి. కానీ అక్షరాలు తిప్పకూడదు. బొమ్మ తిప్పాక అక్షరాలు మళ్లీ మామూలుగా పెట్టుకోవాలి.

తెలుగు అక్షరాల దగ్గర నాకు నిజంగా దెబ్బ తగిలింది. చాలా ఫ్లెక్స్ షాపుల్లో పని 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో సాగుతుంది, మనం ఫోన్లో, కంప్యూటర్లో టైప్ చేసేది యూనికోడ్. రెండూ కలవవు. నేనిచ్చిన ఫైల్ ఆ కంప్యూటర్‌లో తెరిస్తే 'బంగారక్క' కాస్తా 'బంగారక్‌క' అయింది. ఎవరూ చూసుకోలేదు, ప్రింట్ అయిపోయింది. ఒక వైపు మొత్తం మళ్లీ వేయించాను. కాబట్టి అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా మార్చి, పీడీఎఫ్ ఇవ్వండి. షాపులో స్క్రీన్ మీద ప్రతి ఒత్తూ మీరే చదవండి.

ఫ్లెక్స్ వద్దు, వెనక జిగురున్న వినైల్ అడగండి, పైన మ్యాట్ లామినేషన్. గ్లాసీ అయితే ట్యూబ్‌లైట్ అంతా దాని మీదే. స్క్రీన్ మీద మెరిసే నీలం, ఆకుపచ్చ ప్రింట్‌లో మందగిస్తాయి, అందుకే ఒక అడుగు పొడవు ముక్క ముందు వేయించుకుని ఇంటి వెలుతురులో చూడండి. ప్రింట్ అయిన వెంటనే లామినేట్ చేయనివ్వకండి. ఇంకు ఒక రోజు ఆరాలి, లేకపోతే తర్వాత అంచులు లేస్తాయి.

చెక్క విషయంలో తొందర అసలు పనికిరాదు. గుంటలకి లప్పం, సాండ్ పేపర్, ప్రైమర్, ఎనామిల్. రంగు తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల నుంచి వాసన పోతూనే ఉంటుంది. ఆ ఆవిరి వినైల్ కింద బుడగలవుతుంది. నేను పది రోజులు ఆగాను.

అతికించే రోజు గది తుడిచి, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలమైనా సరే. చెక్కని రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టండి. ఇప్పటికే బిగించేసి ఉంటే పాత బొంత పరిచి క్యాబినెట్‌నే పక్కకి వాల్చండి. మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి. స్టిక్కర్‌ని వెనక కాగితంతోనే చెక్క మీద పెట్టి, మోచేయి, కన్ను ఎక్కడొస్తున్నాయో సరిచూసుకుని, సరిగ్గా మధ్యలో అడ్డంగా మాస్కింగ్ టేప్ పట్టీ వేయండి. ఇది తలుపు బందులా పనిచేస్తుంది. పై సగం మడిచి, వెనక కాగితం టేప్ దాకా ఒలిచి, కాగితాన్ని కత్తిరించేయండి.

లీటరు నీళ్లలో నాలుగైదు చుక్కల షాంపూ కలిపి, చెక్క మీదా జిగురు మీదా చిమ్మండి. తడి ఉన్నంతసేపూ స్టిక్కర్ కొంచెం జరుగుతుంది, అదే మనకి ధైర్యం. ఇద్దరుండాలి: మా ఆవిడ పై చివర ఎత్తి పట్టుకుంది, నేను స్క్వీజీకి (స్టిక్కర్ని నొక్కి నీళ్లు తోసే పట్టీ) మెత్తని గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకి నీళ్లు తోశాను. తోసినకొద్దీ ఆవిడ చెయ్యి దించుతూ వచ్చింది. పై సగం పట్టాక టేప్ తీసి కింది సగం అలాగే. రంగు పూర్తిగా మూయని చెక్క అయితే నీళ్లు వాడకండి, ఉబ్బుతుంది. సన్న బుడగలు మిగిలితే సూదితో పొడిచి వేలితో నొక్కండి.

రాత్రంతా ఆరనిచ్చి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోయండి. మొండి బ్లేడు వినైల్‌ని లాగి చింపుతుంది. అంచులకి యూ ఆకారపు పీవీసీ బీడింగ్ వేశాను. అది బొమ్మ మీదకి నాలుగైదు మిల్లీమీటర్లు వస్తుంది, కనుక ముఖ్యమైనదేదీ అంచుకి అంగుళం లోపు పెట్టకండి. కింద మాత్రం బొమ్మని రెండంగుళాల పైనే ఆపండి. రోజూ తడిగుడ్డతో గచ్చు తుడిచే ఇళ్లలో నీళ్లు అక్కడికే చేరతాయి.

కోసిన అదనపు పట్టీలు పారేయకుండా, ప్రింట్ బయటికి ఉండేలా చుట్టి దాచండి. మూడు నెలల క్రితం మా చిన్నోడి సైకిల్ హ్యాండిల్ బంగారక్క చీర నల్ల అంచుకి గీసుకుంది. ఆ పట్టీల్లోంచి నల్ల ముక్క కోసి, హెయిర్ డ్రయ్యర్ వేడి చూపిస్తూ అతికించాను. వాడు వేలు పెట్టి వెతికితే తప్ప కనబడటం లేదు.