ఇంట్లో సామాను తగ్గడం లేదా? ఎక్కడ ఆగిపోతోందో చూసుకోండి

విజయవాడ, గుంటూరుల్లో చాలా ఇళ్ళ పరిస్థితి ఇప్పుడు ఒకటే. ఊళ్ళో పెద్దిల్లు అమ్మేశారు, లేదా తాళం వేశారు. ఆ ఇంటి సామానంతా పటమటలోనో, భవానీపురంలోనో, బ్రాడీపేటలోనో ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి వచ్చి చేరింది. దానికి తోడు ఫంక్షన్లలో ఇచ్చిన గిన్నెలు, పిల్లల మెటీరియల్, ఆన్‌లైన్‌లో కొన్నవాటి అట్టపెట్టెలు. సంక్రాంతికి బూజులు దులిపినప్పుడల్లా అన్నీ దించడం, తుడవడం, మళ్ళీ ఎక్కించడం.

ఇది బద్ధకం వల్ల వచ్చే సమస్య అని నేననుకోను. ఇంట్లోకి సామాను రావడానికి పది దారులున్నాయి, బయటికి పోయే దారేదో మాత్రం మనం ముందు చూసుకోం. వస్తువు చేతిలోకి తీసుకుంటాం, "ఎవరికివ్వాలి, ఎక్కడ వేయాలి" అన్న దగ్గర ఆగిపోతాం, తీసినచోటే పెట్టేస్తాం. కింద రాసినవాటిలో మీ ఇంటి సమస్య ఏదైతే అది చూసుకోండి. మొదటిది మాత్రం అందరూ చదవండి.

"ఆదివారమంతా సర్దాం, పది రోజులకి మళ్ళీ మామూలే"

కారణం: సామాను తగ్గలేదు, చోటు మారిందంతే. హాల్లోది బెడ్‌రూమ్‌లోకి, అక్కడిది దివాన్ కిందికి, దివాన్ కిందది సజ్జ మీదికి వెళ్ళింది. పైగా ఇల్లంతా ఒకేసారి దించితే మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది. సాయంత్రం ఎవరో వస్తున్నారని ఫోన్ వచ్చిందంటే మిగిలినవన్నీ చూడకుండానే లోపలికి తోసేస్తాం.

పరిష్కారం: ఒక పూటకి ఒక్క అర. వంటింట్లో ఒక సొరుగు, లేదా బీరువాలో ఒక వరస. అరగంటలో తేలిపోయేంతే ముట్టుకోండి. దించే ముందే మూడు సంచులు పక్కన పెట్టుకోండి: ఇచ్చేవి, అమ్మేవి, పారేసేవి. "తర్వాత చూద్దాం" అని నాలుగో సంచి వద్దు, అందులో పడ్డది ఏదీ గడప దాటదు.

ఇచ్చే సంచి మీద మనిషి పేరుండాలి. "ఎవరికైనా ఇద్దాం" అనుకున్నది ఎవరికీ వెళ్ళదు. "వాచ్‌మన్ వాళ్ళ పాపకి", "పిన్ని కోడలికి" అని రాస్తే ఫోన్ చేసి అడగడానికి వీలుంటుంది. అడగకుండా తీసుకెళ్ళి ఇవ్వకండి. మనింట్లో బరువైంది వాళ్ళింట్లోనూ బరువే కావచ్చు, మొహమాటానికి తీసుకుంటారు. సంచి నిండగానే కారు డిక్కీలోనో, స్కూటర్ మీదో పెట్టండి. గుమ్మం పక్కన పెడితే రెండు రోజుల్లో ఎవరో ఒకరు అందులోంచి ఏదో ఒకటి తీసుకుని లోపలికి తెచ్చుకుంటారు.

ఇంకొకటి, మే నెలలో సజ్జ జోలికి వెళ్ళకండి. బెజవాడ ఎండకి స్లాబు కింద నిమిషం నిలబడలేం, ఆ చిరాకులో పనికొచ్చేవి కూడా పారేస్తాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ పనికి మంచి కాలం.

"సజ్జ నిండా స్టీలు, ఇత్తడి. వాడం, తీయలేం"

ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నాయి, కలిపి చూస్తే ఏదీ తేలదు.

స్టీలు విషయంలో కారణం మొహమాటం. గృహప్రవేశాలకీ, ఓణీల ఫంక్షన్లకీ వచ్చిన డబ్బాలు, పళ్ళేలు అట్టపెట్టెతో సహా ఉంటాయి. మనం ఫంక్షన్ చేసినప్పుడు ఇవ్వొచ్చని దాస్తాం. తీరా మనింట్లో శుభకార్యం వచ్చేసరికి వాటి మీద వేరేవాళ్ళ పేర్లు కొట్టి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో సైజు ఉంటుంది, చివరికి కొత్తవే కొంటాం. పేరు లేనివాటిలో ఒక జత ఉంచుకుని మిగతావి ఇచ్చేయండి. కొత్తగా కాపురం పెట్టేవాళ్ళకీ, హాస్టల్ వదిలి రూమ్ తీసుకునే కుర్రాళ్ళకీ ఇవి నిజంగా పనికొస్తాయి. పేరున్నవి తూకానికే.

ఇత్తడి సంగతి వేరు. గంగాళం, గుండిగ, బిందెలు, మరచెంబు అంటే ఊళ్ళో ఇంటి గుర్తులు, విలువ కూడా ఉన్నవి. వీటిని బండి మీద మైకు పెట్టుకుని వచ్చే అతనికి తొందరపడి వేయకండి. ముందు ఇంట్లోనే బరువు చూసి కాగితం మీద రాసుకోండి. చిన్నవైతే సూట్‌కేసులు తూచే చేతి కాటాకి తగిలిస్తే చాలు. పెద్దవైతే మీరు కాటా ఎక్కి, మళ్ళీ గుండిగ పట్టుకుని ఎక్కి, తేడా తీసుకోండి. తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని ఆనించండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. కొన్ని బిందెలకి అడుగున, చెవుల దగ్గర ఇనప ముక్క వేసి ఉంటుంది, ఆ చోట విడిగా చూడండి. స్టీలుకీ ఇదే పరీక్ష పనికొస్తుంది. అయస్కాంతం పట్టని రకంలో నికెల్ ఉంటుంది కాబట్టి పాతసామానుగా దానికి మామూలుగా ధర ఎక్కువ వస్తుంది.

ఆ తర్వాత రెండు కొట్లలో అడగండి. కిలో రేటుతో పాటు "తరుగు ఎంత తీస్తారు" అని, అంటే తూకంలోంచి ఎంత తగ్గించి లెక్కేస్తారని కూడా అడగాలి. రేటు ఎక్కువ చెప్పి తరుగు దగ్గర కోసేసే కొట్టు కంటే రేటు కాస్త తక్కువైనా తరుగు లేని కొట్టు మేలు కావచ్చు.

అన్నీ అమ్మేయమని నేను చెప్పను. ఇంట్లో వాడగలిగే సైజుది ఒకటి ఉంచి లోపల కళాయి (తగరం పూత) పెట్టించండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు, చారు లాంటి పులుపు వంటలు వండకూడదు.

"అమ్మ ఒప్పుకోదు, అత్తయ్య ఒప్పుకోరు"

అన్నిటికన్నా ఎక్కువగా పని ఆగిపోయేది ఇక్కడే, ఇంట్లో గొడవలయ్యేదీ ఇక్కడే.

కారణం: మనం అడిగే తీరు. "ఇది పారేద్దామా?" అని అడిగితే ఏ పెద్దావిడైనా వద్దనే అంటుంది. ఆవిడకి అది ఒక వస్తువు గురించి అడిగినట్టు ఉండదు, ఆవిడ నడిపిన సంసారం గురించి అడిగినట్టు ఉంటుంది. ఊరొదిలి ఫ్లాట్‌లోకి వచ్చినవాళ్ళకి పెరడు పోయింది, పొయ్యి పోయింది, ఇరుగుపొరుగు పోయారు. మిగిలింది ఆ సామానే. ఆ బాధ నిజమైంది.

పరిష్కారం: ఆవిడ ఊళ్ళోకో, గుడికో వెళ్ళినప్పుడు గుట్టుగా తీసేయడం మాత్రం చేయకండి. ఒక్క చెంబు కనిపించకపోయినా తర్వాత ప్రతి అరకీ తాళం పడుతుంది. పక్కన కూర్చుని ఒక్కో వస్తువూ చేతికిచ్చి అడగండి.

"అత్తయ్యా, ఈ బిందె ఎప్పటిది?"

"నా పెళ్ళికి మా నాన్న పెట్టింది. తెనాల్లో కొన్నారు."

"దీన్ని ఎవరికిస్తే బాగుంటుంది?"

"పెద్దమ్మాయికి ఇస్తే పూజగదిలో పెట్టుకుంటుంది. ఈ చిన్న గిన్నెలు ఎవరికి కావాలిలే, వేసెయ్యండి."

చివరి మాట ఆవిడ నోటి నుంచే వచ్చింది చూడండి. ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం ఆవిడ చేతిలో ఉంటే మామూలు వస్తువుల మీద పట్టు దానంతట అదే సడలుతుంది. ఆవిడ చెప్పేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి, బిందెని ఫొటో తీసుకోండి. ఒకసారి కూర్చున్నప్పుడు నాలుగైదు వస్తువులు తేలితే చాలు.

"బీరువా తలుపు పడటం లేదు"

చీరల్లో కట్టేవి తక్కువ, ఉంచేవి ఎక్కువ. చాలా చీరలు కట్టకపోవడానికి కారణం చీర కాదు, జాకెట్టు. కుట్టు విప్పితే సరిపోయేవి ఈ వారమే టైలరు దగ్గరికి పంపండి. విప్పినా పట్టనివాటికి కొత్త జాకెట్టు కుట్టించుకోవాలనిపిస్తుందో లేదో అడిగి చూసుకోండి. అనిపించకపోతే ఆ చీర ఇంకొకరిది.

పాత నూలు చీరలు బొంతలకి మించి దేనికీ పనికిరావు, బొంతకి మాత్రం వాటిని మించింది లేదు. "పాత పట్టుచీరలు కొంటాం" అని వచ్చేవాళ్ళు చూసేది జరీలోని వెండిని. ఉత్తుత్తి జరీకి ఏమీ రాదు, కాబట్టి అసలు జరీ చీరైతే మొదట చెప్పిన ధరకే ఇచ్చేయకండి. ఉంచుకునే పట్టుచీరల్ని నూలుగుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ అక్కడే చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

"కాగితాలు ఏవి ఉంచాలో తెలియక అన్నీ ఉంచేశాం"

భయమే కారణం, ఆ భయంలో అర్థముంది. పరిష్కారం మాత్రం సులువు: ఎప్పటికీ ఉంచాల్సినవి ముందు తీసి పక్కన పెట్టేస్తే మిగతావి చూడటానికి చేయి వణకదు.

ఎప్పటికీ ఉంచాల్సినవి: రిజిస్టర్డ్ దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు), వీలునామాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, జనన మరణ ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు. రాజధాని అమరావతి కోసం 2015లో మొదలైన భూసమీకరణకి పొలం ఇచ్చిన కుటుంబాలైతే ఆ యాజమాన్య పత్రం, ప్లాటు కాగితాలు, కౌలు జమ అయిన బ్యాంకు పుస్తకం ఒకే ఫైల్లో పెట్టండి. లింకు డాక్యుమెంట్లు నల్లబడి, చిరిగి ఉన్నా పారేయొద్దు. ఆస్తి అమ్మేనాడు లాయరు మొదట అడిగేది వాటినే.

తీసేయదగ్గవి: మూసేసిన అకౌంట్ల పాత చెక్కుబుక్కులు, వారంటీ అయిపోయిన వస్తువుల బిల్లులు, పాత కరెంటు బిల్లులు, గుట్టలుగా ఉన్న ఆధార్ జిరాక్సులు. వీటిని అలాగే పాత పేపర్లలో కలిపి తూకానికి వేయకండి. ఆధార్ నంబరు, అకౌంటు నంబరు ఉన్న కాగితం రేపు బజ్జీల బండి దగ్గర పొట్లమవుతుంది. నంబరు మీదుగా చింపి, నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసి పారేయండి. వారంటీ ఉన్న వస్తువు బిల్లు వేడికి అచ్చుపడే నున్నటి కాగితం మీద ఉంటే ఈరోజే ఫొటో తీయండి, కొన్ని నెలల్లో అక్షరాలు మాయమవుతాయి.

"పాత ఫోన్లు, చార్జర్లు, డబ్బా టీవీ"

ఎంతో పెట్టి కొన్నాం కాబట్టి పారేయబుద్ధి కాదు. అదీగాక చెత్తబండిలో వేయకూడదని తెలుసు, ఎక్కడ వేయాలో తెలియదు. ఈ-వ్యర్థాల నిర్వహణకి 2022లో వచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పాత పరికరాల్ని రీసైక్లింగ్‌కి చేర్చే బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో అడగండి. కొత్తది కొనేటప్పుడు ఎక్స్ఛేంజిలో ఇవ్వడం ఇంకా తేలిక.

వైర్లలో రాగి కోసం వీధిచివర తగలబెట్టేవాళ్ళకి మాత్రం ఇవ్వకండి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. ఫోన్ ఇచ్చేముందు మీ అకౌంట్లలోంచి లాగవుట్ అయి, రీసెట్ చేయండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ ఉంటే దాన్ని అన్నిటికన్నా ముందు బయటికి పంపాలి. చార్జింగ్ పెట్టి చూడొద్దు, పొడవొద్దు, మిగతా సామానుతో కలిపి సంచిలో కుక్కొద్దు.

గడువు దాటిన మందులు, పగిలిన ట్యూబ్‌లైట్లు, పురుగుమందు డబ్బాలు కూడా విడిగా కట్టి, ఇందులో ఫలానావి ఉన్నాయని చెత్తబండి మనిషికి చెప్పి ఇవ్వండి. వట్టి చేతులతో చెత్త వేరుచేసేది వాళ్ళే.

"ఇంటర్ మెటీరియల్ గది నిండా ఉంది"

మన రెండు ఊళ్ళలో ఇది ఇంటింటి సమస్య. కట్టిన ఫీజు గుర్తొచ్చి తీయలేకపోతాం. ఈ పుస్తకాలకి ఆయుష్షు చాలా తక్కువ. 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్ సిలబస్ మారింది కూడా. ఏడాది ఆలస్యమైతే జూనియర్లు కూడా తీసుకోరు. ఎంట్రన్స్ అయిన వారంలోనే తర్వాతి బ్యాచ్ పిల్లలకి ఇచ్చేయండి. సిలబస్ పాతబడినవి తూకానికి వేయడంలో తప్పేమీ లేదు. కథల పుస్తకాలు, నవలలు గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే పేర్ల జాబితా ముందు పంపి, కావాలన్నవే తీసుకెళ్ళండి.

"వరదలో తడిసినవీ, తర్వాత కొన్నవీ రెండూ ఇంట్లోనే"

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అంత పోగొట్టుకున్నవాళ్ళు తడిసి ఆరిన పరుపుని కూడా వదల్లేకపోవడం అర్థం చేసుకోవాల్సిన విషయం. కానీ మురుగునీళ్ళు పీల్చిన దూది పరుపు, దిండు ఎండలో ఎన్నాళ్ళు వేసినా బాగుపడదు, లోపల బూజు ఉంటుంది, పిల్లలకి దగ్గు ఆయాసం వస్తాయి. ఉబ్బిన ప్లైవుడ్ బీరువా కూడా అంతే. ఈ రెండూ ముందు పంపించండి. గట్టి టేకు చెక్క, స్టీలు, గాజు కడిగి ఆరబెట్టుకుంటే మిగులుతాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్ళు మంచాల కింద ఏమీ పెట్టకుండా ఉంటే మంచిది. కాగితాల ఫైలు జిప్పు కవర్లో వేసి పై అరలో, చేయి చాపగానే అందేచోట ఉంచండి.

"వాడటం లేదని తీసేశాం, మళ్ళీ కొనాల్సొచ్చింది"

కారణం: "ఆరు నెలలు ముట్టుకోనిది అక్కర్లేనిదే" అన్న లెక్కని అన్నిటికీ వేయడం. ఆ లెక్క మనిళ్ళకి సరిపోదు. ఆవకాయ జాడీలు వేసవిలోనే దిగుతాయి. బొమ్మల కొలువు బొమ్మలు ఏడాదికోసారే. పెద్ద అరిసెల మూకుడు సంక్రాంతికే.

పరిష్కారం: ఏడాదికోసారి వాడేవాటిని విడిగా ఒక పెట్టెలో పెట్టి, పైన నెల పేరు పెద్దక్షరాలతో రాయండి: "జనవరి - అరిసెల మూకుడు, బొమ్మలు", "మే - జాడీలు, ఆవకాయ కత్తిపీట". ఆ నెల వచ్చి వెళ్ళినా పెట్టె తెరవలేదంటే అప్పుడు మొదటి సమస్య దగ్గర చెప్పిన మూడు సంచులు తీసుకుని ఆ ఒక్క పెట్టె ముందు కూర్చోండి. జాడీలు ఇచ్చేటప్పుడు మూతలు కూడా వెతికి ఇవ్వండి, మూత లేని జాడీ ఎవరికీ అక్కరకి రాదు.