డచ్ ఓడయుద్ధాల ఎచింగ్‌లో మనుషుల్ని వెతకడం ఎలా

ఎచింగ్ అంటే రాగి రేకు మీద గీసి, కాగితం మీద అచ్చువేసిన బొమ్మ. అలాంటి బొమ్మ తెరవగానే కళ్లు తెరచాపల మీదికే పోతాయి. కాసేపు పోనివ్వండి. ఆ తర్వాత ఫోన్ మీద వేళ్లతో పెద్దది చేసి కింది అంచుకి, ఒడ్డు దగ్గరికి, నీళ్లలో తేలేవాటి దగ్గరికి రండి. నాకైతే అసలు బొమ్మ అక్కడే మొదలవుతుంది.

1666 ఆగస్టుతో మొదలుపెట్టండి, అప్పుడు ఇంగ్లీషు వాళ్లకీ డచ్ వాళ్లకీ యుద్ధం నడుస్తోంది. ఆ నెల రాబర్ట్ హోమ్స్ అనే ఇంగ్లీషు నౌకాధికారి డచ్ తీరంలోని వ్లీ పాయలో లంగరేసి ఉన్న 100కి పైగా డచ్ సరుకు ఓడల్ని తగలబెట్టి, మర్నాడు టెర్షెలింగ్ దీవిలో ఒక ఊరిని కూడా కాల్చేశాడు. ఆ ఊళ్లో 1594లో కట్టిన బ్రాండారిస్ లైట్‌హౌస్ మాత్రం ఇప్పటికీ ఉంది. డచ్ కాగితాల్లో తేదీలు 19, 20 అని, ఇంగ్లీషు వాళ్ల దగ్గర 9, 10 అని ఉంటాయి. క్యాలెండర్లు వేరు, అంతే, కంగారు పడకండి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం సైట్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, పెద్ద సైజులో ఉచితంగా దించుకోవచ్చు. హోమ్స్, టెర్షెలింగ్, 1666 అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతకండి. బొమ్మలో చిన్న చిన్న అక్షరాలు కనిపిస్తే కింద వాటి వివరం డచ్‌లో ఉంటుంది, ఫోన్ అనువాదంతో చదువుకోండి, బద్ధకించొద్దు, ఏ ఇల్లు, ఏ ఓడ అన్నది సాధారణంగా అందులోనే ఉంటుంది.

గీతలు చూడటం కూడా నేర్చుకోవాలి. రాగి రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు, ఎక్కువసేపు ముంచితే గీత లోతై నల్లగా పడుతుంది. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే అందరూ ఎడమ చేత్తో కత్తి పట్టుకుని ఉంటే బొమ్మ తిరగబడిందేమో అనుకోండి.

తర్వాత ఎవరు గీశారో చూడండి. డచ్ చిత్రకారుడు విల్లెం వాన్ డె వెల్డె (అదే పేరున్న తండ్రీకొడుకుల్లో తండ్రి) చిన్న పడవలో యుద్ధం మధ్యకే వెళ్లి స్కెచ్‌లు వేసుకునేవాడు. రోమైన్ డె హోఖె ఎచింగ్‌లు వేరు: 1672లో ఫ్రెంచి సైన్యం బోడెగ్రావెన్, స్వామర్‌డామ్ అనే డచ్ ఊళ్లలో చేసిన దారుణాల్ని జనానికి కోపం రావాలనే గీశాడు. అంతమాత్రాన అక్కడి జనం బాధ అబద్ధం కాదు, కానీ ఆయన ప్రతి గీతనీ సాక్ష్యంగా తీసుకోవద్దు.

ఫైలిన్ తుఫాను వచ్చిన 2013 అక్టోబరులో ఒడిశాలోని మా గోపాల్‌పూర్ ఒడ్డున జనం మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వెళ్లడం చూశాను. అప్పట్నుంచి ఏ పాత బొమ్మలోనైనా ముందు మూటలు వెతుకుతాను. ఇంట్లోంచి ఏం తెచ్చుకున్నారు, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారు?

ఇంకోటి మా తెలుగు మత్స్యకారుల పెద్దాయన ఒకరు నేర్పారు. ఒడ్డున కూర్చుని ఫోన్‌లో ఆ కాలుతున్న ఓడల్ని చూపిస్తే, ఫిరంగుల సంగతి అడగనే లేదు. "గాలెటుంది బాబూ?" అన్నారు. పొగ, జెండాలు, తెరచాపలు మూడూ ఒకే వైపు వాలాయేమో చూడమన్నారు. పొగ ఒకవైపు, జెండా ఇంకోవైపు ఉంటే గీసినాయన గాలిని పట్టించుకోలేదన్నమాట. మూడూ కలిస్తే ఆ గాలి వెంట కళ్లు పోనిచ్చి, నిప్పురవ్వలు ఎవరి ఇంటి కప్పు మీద పడతాయో చూడండి.