కొత్త కారు తేడా చేస్తే: లక్షణం, కారణం, జాబ్ కార్డులో రాయించాల్సిన మాట

"బండిలో ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడండి" అని తాళం ఇచ్చి వస్తే సాయంత్రం వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "చెక్ చేశాం సార్, ప్రాబ్లం ఏమీ లేదు." అది అబద్ధమే కానక్కర్లేదు. పొద్దున చల్లగా ఉన్న ఇంజిన్‌లో వచ్చే చప్పుడు, మధ్యాహ్నం వేడెక్కిన బండిని వర్క్‌షాప్ చుట్టూ రెండు రౌండ్లు తిప్పితే వినపడదు. అందుకే షోరూమ్‌కి వెళ్లేముందు తేల్చుకోవాల్సింది "ఏం అవుతోంది" ఒక్కటే కాదు, "ఎప్పుడు అవుతోంది" కూడా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడిగానా? ఎంత స్పీడులో, ఏ గేరులో? ఏసీ వేస్తేనా? బ్రేకు తొక్కితేనా? ఈ వివరం దొరికితే కారణం సగం దొరికినట్టే. దాన్నే జాబ్ కార్డులో, అంటే బండి ఇచ్చేటప్పుడు షోరూమ్ వాళ్లు ఫిర్యాదులు రాసుకునే కాగితంలో, రాయించాలి.

మీటరులో ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఈ పరిశోధన వద్దు. ఆయిల్ ప్రెషర్ లైటు గానీ, ఇంజిన్ వేడి లైటు గానీ ఎర్రగా వస్తే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేయండి. పసుపు లైటు అయితే మెల్లగా నడుపుకుని వెళ్లవచ్చు. అదే మిణుకుమంటూ వెలుగుతుంటే, ఇంజిన్ కుదుపుతుంటే అదీ ఆపాల్సిన సంకేతమే.

పొద్దున్నే సెల్ఫ్ అందుకోదు, కటకటమని ఆగిపోతుంది

ఏడాది తిరగని బండిలో కూడా ఇది మామూలే. బండి అమ్ముడుపోయే ముందు నెలల తరబడి స్టాక్‌యార్డులో ఎండలో నిలబడి ఉంటే బ్యాటరీ అక్కడే సగం చచ్చిపోతుంది. డోర్ పక్కనో బానెట్ కిందో ఉండే ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డెలివరీ తేదీతో పోల్చి చూడండి.

మామూలు మల్టీమీటరుతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున 12.6 వోల్టులు వస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇప్పటి చాలా బండ్లలో ఛార్జింగ్‌ని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి కొలవండి. అప్పుడూ 13 దాటకపోతే ఆల్టర్నేటరు వైపు చూడాలి.

రాత్రి ఛార్జ్ చేసి పెట్టినా తెల్లారేసరికి పడిపోతుంటే ఏదో కరెంటు తాగుతోందని అర్థం. బయట పెట్టించిన డాష్‌క్యామ్, జీపీఎస్, యాంప్లిఫైయర్ మొదటి అనుమానితులు. పరీక్ష ఇలా: బానెట్ లాక్‌ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితిలోకి నొక్కి, డోర్లు లాక్ చేసి, నెగెటివ్ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటరుని 10 ఆంపుల సెట్టింగులో కలపండి. 30 నుంచి 40 నిమిషాలు ఆగండి. లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఆ సమయం పడుతుంది. చాలామంది ఐదు నిమిషాలకే చూసి కంగారు పడతారు. ఆ తర్వాత 50 మిల్లీయాంపుల లోపు ఉంటే పర్వాలేదు. ఎక్కువైతే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీస్తే రీడింగ్ పడిపోతుందో అదే దొంగ. మీటరు అలా కలిపి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే సదుపాయం ఉన్న బండ్లలో బ్యాటరీ నీరసించిన తొలి గుర్తు ఆ సదుపాయం పనిచేయడం మానేయడం. ఇలాంటి బండికి మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకాలైన ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ వేయాలి. చవకలో మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పోతుంది.

బ్యాటరీకి వారంటీ కారు కంపెనీది కాదు, ఎక్కువగా బ్యాటరీ కంపెనీది. "ఛార్జ్ చేసి ఇచ్చాం సార్" అనే మాటతో సరిపెట్టుకోకండి. పూర్తిగా ఛార్జ్ చేశాక డిజిటల్ టెస్టరుతో తీసిన ప్రింటవుట్ అడగండి. బ్యాటరీ మీద ముద్రించిన క్రాంకింగ్ అంకెకీ (స్టార్టింగ్‌కి ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది), ప్రింటులో వచ్చిన అంకెకీ బాగా తేడా ఉంటే ఆ కాగితమే క్లెయిముకి ఆధారం.

డీజిల్ బండి: డీపీఎఫ్ లైటు, పికప్ తగ్గడం, ఆగినా తిరిగే ఫ్యాను

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టుకునే ఫిల్టరు (డీపీఎఫ్) ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లకోసారి బండి దానంతట అదే అదనపు డీజిల్ చల్లి, దాదాపు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చేస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండిలో ఈ పని మొదలై మధ్యలోనే ఆగిపోతుంది. మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. చివరికి ఫిల్టరు నిండిపోతుంది.

మసి కాలుతున్నప్పుడు ఐడిల్ ఆర్‌పీఎం 800 దగ్గర ఉండేది 1000కి చేరుతుంది, వెంటనే చూపించే మైలేజీ పడిపోతుంది, వేడి వాసన వస్తుంది, ఆపాక కూడా ఫ్యాను తిరుగుతుంది. అది రోగం కాదు. వీలైతే ఇంకో పది, పదిహేను నిమిషాలు నడిపి ఆపండి. పని మధ్యలో ఆపాల్సి వస్తే ఎండుగడ్డి మీద మాత్రం పార్క్ చేయకండి. వరికోతల రోజుల్లో రోడ్ల వెంట పరిచిన గడ్డికి బండి కింది వేడి చాలు.

లైటు నిలకడగా వెలిగితే: ఔటర్ రింగ్ రోడ్డో జాతీయ రహదారో ఎక్కి, 60కి పైగా స్పీడులో, ఒక గేరు తగ్గించి 2000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా 15 నుంచి 20 నిమిషాలు నడపండి. ట్యాంకు రిజర్వులో ఉంటే చాలా బండ్లలో ఈ ప్రక్రియ అసలు మొదలే కాదు, ముందు డీజిల్ పోయించండి.

ఇంత నడిపినా లైటు పోకపోయినా, మిణుకుమన్నా, బండి పికప్ ఇవ్వకుండా బిగదీసుకున్నా వర్క్‌షాప్‌లో స్కానరు పెట్టి బలవంతంగా కాల్పించాలి. కానీ కాల్చి పంపేస్తే సరిపోదు. హైవే మీద బాగా తిరిగే బండిలో కూడా ఫిల్టరు నిండుతోందంటే కారణం వేరే ఉంది: ప్రెషర్ సెన్సారు, దానికి వెళ్లే రబ్బరు గొట్టం చీలడం, ఈజీఆర్ వాల్వు (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ఇరుక్కోవడం, ఇంజెక్టరు కారడం, తప్పుడు ఆయిల్. స్కాన్ రిపోర్టులో పీ2463 ఉంటే మసి ఎక్కువైందని, పీ2452 ఉంటే ప్రెషర్ సెన్సారు సర్క్యూట్‌లో తేడా ఉందని. రెండోది ఉంటే సెన్సారు సంగతి తేల్చకుండా ఫిల్టరు మార్చాలంటే ఒప్పుకోవద్దు.

డిప్‌స్టిక్ తప్పకుండా చూడండి. మధ్యలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి ఉంటే, సర్వీసుకి ఇంకా ఐదు వేల కిలోమీటర్లు ఉన్నా సరే మార్పించాలి. పలచబడ్డ ఆయిల్ టర్బోని తినేస్తుంది. వేసే ఆయిల్ బూడిద తక్కువగా ఇచ్చే రకమై ఉండాలి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు బిల్లులో కూడా కనపడాలి. మసి కాలుతుంది, బూడిద కాలదు.

ఫిల్టరు పీకించి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) చేయిస్తామనేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. చేయిస్తే పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవడమే. యూరియా ద్రవం వాడే బండ్లలో ఇంకో సంగతి: దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇగ్నిషన్ కూడా వేయకండి, అలాగే టో చేయించండి.

స్టీరింగ్ కొట్టుకోవడం, బండి పక్కకి లాగడం

80 నుంచి 110 మధ్య మాత్రమే స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్. వణుకు సీటులో తెలిస్తే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే అయితే డిస్కు. యాక్సిలరేటర్ నొక్కితేనే వచ్చి, వదిలితే పోతే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు. ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తే వణికితే ఇంజిన్ మౌంటింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే షాఫ్టు బయటి జాయింటు. జాబ్ కార్డులో "వైబ్రేషన్" అని ఒక్క ముక్క రాస్తే ఇవన్నీ కలిసిపోయి, బ్యాలెన్సింగ్ చేసి పంపేస్తారు.

డిస్కులు త్వరగా తేడా చేయడానికి తరచుగా కారణం పంక్చరు షాపుల్లో గాలి గన్నుతో నట్లు ఇష్టం వచ్చినట్టు బిగించడం. చాలా కార్లకి 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. చివరి బిగింపు టార్క్ రెంచితో చేయమనండి.

మన రోడ్లు ఎడమకి వాలుగా ఉంటాయి కాబట్టి స్టీరింగ్ వదిలితే కొద్దిగా ఎడమకి పోవడం సహజం. గట్టిగా లాగుతుంటే ముందు చల్లటి టైర్లలో గాలి చూడండి, అంకె డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. తర్వాత ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి, టైరు మీద తిరిగే దిశ బాణం లేకపోతేనే సుమా. లాగే వైపు మారితే తప్పు టైరుది, అది టైరు కంపెనీ క్లెయిము. మారకపోతే అలైన్‌మెంట్ లేదా పట్టేసిన బ్రేకు. అలైన్‌మెంట్ చేస్తే, చేయకముందు ఒకటి, చేశాక ఒకటి ప్రింటు తీసుకోండి. కాంబర్ (చక్రం నిలువుగా ఎంత వాలిందో చెప్పే) అంకె ఎర్రగానే మిగిలిపోతే గుంతలో పడి ఏదో వంగిందని అర్థం. ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేసినా అది సరికాదు.

వానలో నిలిపిన బండి పొద్దున బ్రేకు గరగరలాడటం డిస్కు మీది తుప్పు. నాలుగు బ్రేకులకి పోతుంది.

ఆటోమేటిక్ గేర్లు కుదుపు, వేడి హెచ్చరిక

ఏఎంటీలో (మాన్యువల్ గేర్‌బాక్సునే క్లచ్ పెడల్ లేకుండా యంత్రం మార్చే రకం) గేరు మారేటప్పుడు తల ఊగడం దాని స్వభావం, ఫిర్యాదు చేసినా మారేది తక్కువ. పొడి క్లచ్ ఉన్న డీసీటీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) మాత్రం జాగ్రత్త: అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల అంగుళం అంగుళం పాకిస్తే క్లచ్ అరుగుతూ వేడెక్కుతుంది. ముందు బండికి కొంత జాగా ఇచ్చి, ఒకేసారి కదిలించండి. ఎత్తు మీద బండిని బ్రేకుతో ఆపండి, యాక్సిలరేటర్‌తో కాదు. హెచ్చరిక వస్తే పక్కకి ఆపి, పీ లో పెట్టి, చల్లబడనివ్వండి.

షోరూమ్‌లో వరుసగా అడగాల్సినవి: సాఫ్ట్‌వేర్ తాజాదేనా, క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేశారా, స్కానరులో క్లచ్ అరుగుదల ఎంత. ఇవి కాకుండా గేర్‌బాక్సు విప్పుతామంటే తొందరపడకండి.

ఏసీ

నడుస్తుంటే చల్లదనం, సిగ్నల్‌లో ఆగితే వేడి: కండెన్సర్ ఫ్యాను, లేదా దుమ్ము పట్టిన కండెన్సర్. గంట బాగా పనిచేసి తర్వాత గాలే తగ్గిపోతే లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద ఐసు కడుతోంది, సెన్సారు చూడాలి. రోజురోజుకీ చల్లదనం తగ్గితే గ్యాసు కారుతోంది. గ్యాసు వాడకంలో ఖర్చయ్యేది కాదు. కాబట్టి లీకు పట్టుకోకుండా నింపడం డబ్బు దండగ. బానెట్ కింది స్టిక్కరు మీద గ్యాసు రకం, బరువు గ్రాముల్లో ఉంటాయి. మిషన్‌తో తూచే నింపించండి.

కాళ్ల కింద తడి

ఎండాకాలంలో అయితే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుంది. వానాకాలంలో అయితే, సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోని నీటి గొట్టాల్లో వేపాకులు, దుమ్ము. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టించకండి, గొట్టం లోపల ఊడిపోయి నీళ్లు నేరుగా సీలింగులోకి దిగుతాయి. సన్నటి నైలాన్ తీగ చాలు. కార్పెట్ ఎత్తి ఆరబెట్టకపోతే కింద ఉన్న వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టి కొన్ని నెలల తర్వాత వింత వింత లైట్లు వెలుగుతాయి.

వచ్చి పోయే ఇంజిన్ లైటు

బ్యాటరీ వైరు పీకి "రీసెట్" చేస్తే ఆధారం చెరిపేసినట్టే. లోపం నమోదైనప్పుడు స్పీడు, వేడి, ఆర్‌పీఎం ఎంతున్నాయో కంప్యూటర్ ఫొటోలా దాచుకుంటుంది. కోడ్ చెరపకముందే ఆ రిపోర్టు ప్రింటు అడగండి. ఎలుక వైరు కొరికితే వారంటీ రాదు. ఇన్సూరెన్సు పాలసీలో చూసుకోవాలి. బయట వైరు కోసి పెట్టించిన లైట్లు, స్టీరియో ఉంటే ఆ సర్క్యూట్ వారంటీని నిరాకరించడానికి మీరే కారణం చూపించినట్టవుతుంది.

షోరూమ్‌లో

జాబ్ కార్డులో సర్వీస్ అడ్వైజర్ మాట కాదు, మీ మాట ఉండాలి. "బ్రేక్ నాయిస్" అని కాకుండా "చల్లటి బండి, మొదటి రెండు కిలోమీటర్లు, 20 లోపు స్పీడులో, ముందు ఎడమ చక్రం నుంచి కీచు" అని రాయించి, ఫొటో తీసుకుని సంతకం పెట్టండి. అప్పుడప్పుడూ వచ్చే చప్పుడైతే ముందురోజు రాత్రే బండి అక్కడ వదిలి, పొద్దున మొదటి స్టార్టు టెక్నీషియన్ ముందే కొట్టండి. సమస్య దొరకలేదన్నా జాబ్ కార్డు మూసి కాపీ తీసుకోండి. కాపీ లేని రాక రాలేదన్నట్టే లెక్క.

ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్: షెడ్యూలులో లేకపోతే వద్దనవచ్చు, వద్దంటే వారంటీ పోదు. సర్వీసు గడువు దాటిస్తే మాత్రం పోయే ప్రమాదం ఉంది. 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బండ్లని వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. ఉంటే ఆ పని ఉచితం.

ఒకే సమస్య రెండుమూడుసార్లు తిరిగొస్తే వర్క్స్ మేనేజర్ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టి, ఏరియా సర్వీస్ ఇంజినీరు వచ్చి చూడాలని అడగండి. అదీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చెల్లించిన ధర 50 లక్షల లోపు బండికి మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 నుంచి 10 లక్షల బండికి ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలకి 400. తయారీ లోపమని నిరూపించడానికి నిపుణుడి రిపోర్టు కావాల్సి వస్తుంది. కాబట్టి ఆ దశకి వచ్చాక అనుమానం ఉన్న భాగాన్ని బయట గ్యారేజీలో విప్పించకండి, మార్చిన పాత భాగం ఉంటే అది వర్క్‌షాప్‌లోనే ఉన్నట్టు రాయించుకోండి.